పెద్ద ఫ్రేమ్ రివాల్వరా, తేలికదా? .32 కొనే ముందు, కొన్నాక

మా బావకు బెంగళూరు చిక్‌పేటలో బంగారం కొట్టు ఉంది. హిందూపురం నుంచి వచ్చి పెట్టుకున్న కొట్టు. రాత్రి షట్టర్ దించాక సరుకు సంచీతో సందు చివర కారు దాకా నడవాలి. ఆ రెండు వందల అడుగులే ఆయనకు రోజూ టెన్షన్. చాలాకాలం తిరగ్గా తిరగ్గా పోయినేడు ఆయుధం లైసెన్స్ చేతికొచ్చింది. ఆ సాయంత్రమే ఫోన్ చేశారు. "ఏమప్పా, నువ్వు షూటింగ్ రేంజ్‌కు పోతుంటావు కదా. జేబులో పట్టే చిన్న రివాల్వర్ ఒకటి చెప్పు. బరువు మాత్రం ఉండకూడదు."

"కొట్టుకు పోకండి బావా. ఒక ఆదివారం ఇంటికి రండి, ముందు మీ చెయ్యి చూడాలి" అన్నాను.

ఎనిమిదేళ్ళ కిందట నేనూ ఆయన అడిగినట్టే అడిగి, అప్పుడు దొరికిన వాటిలో తేలికైనది కొన్నాను. రేంజ్‌లో మొదటి ఆరు తూటాలకే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం కమిలిపోయింది. పన్నెండో తూటాకల్లా ట్రిగ్గర్ కదలకముందే నా కన్ను మూసుకుంటోంది. పది మీటర్లలో కాగితం మీద పడిన రంధ్రాలు అన్నం పళ్ళెమంత వెడల్పున చెల్లాచెదురుగా ఉన్నాయి. ఆ రివాల్వర్‌లో లోపమేమీ లేదు. నా చేతికి అది సరిపోలేదు, అంతే. తర్వాత దాన్ని బయటికి తీయడమే తగ్గించేశాను. చివరికి అధికారుల అనుమతితో దాన్ని లైసెన్స్ ఉన్న మరొకరికి అమ్మి, నిండు బరువున్న పెద్ద ఫ్రేమ్ రివాల్వర్ తీసుకున్నాను (ఫ్రేమ్ అంటే రివాల్వర్ అసలు ఒడలు). ఈ పోలిక అలాంటి సందిగ్ధంలో ఉన్నవాళ్ళ కోసం. లైసెన్స్ ఉన్నవాళ్ళ కోసమే రాస్తున్నాను. లేనివాళ్ళకు ఇందులో దారి ఏదీ లేదు, ఉండకూడదు కూడా.

"పెద్దది" అంటే మన దగ్గర ఎంత పెద్దది?

అమెరికా వీడియోలు చూసి .44 మాగ్నమ్ లాంటి వాటిని ఊహించుకుంటే ఆ ఊహ ఇక్కడ పనికిరాదు. మన చట్టంలో .38, .455, 9 ఎం.ఎం. నిషిద్ధ బోరు (బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు కొలత) కింద ఉన్నాయి. మామూలు లైసెన్స్‌దారుకు కొత్త రివాల్వర్ అంటే ఆచరణలో .32, లేదా .22. విదేశాల నుంచి కొత్తది తెప్పించుకునే వీలు సామాన్యుడికి లేదు. పేరున్న క్రీడాకారులకు ఇచ్చే మినహాయింపు వేరే సంగతి. కాబట్టి మన దగ్గర .32లో చిన్నదీ పెద్దదీ అనే తేడా దాదాపు 500 గ్రాములకూ 700 గ్రాములకూ మధ్య ఉంటుంది. చదవడానికి రెండు వందల గ్రాములే. చేతిలో పట్టుకుని ఆరు తూటాలు పేల్చినప్పుడు అది చాలా పెద్ద తేడా.

ఇంకో మాట ముందే చెప్పాలి. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు. లైసెన్స్ గడువు అయిదేళ్ళు. "ఇప్పటికి చిన్నది కొందాం, తర్వాత చూద్దాం" అనుకుంటే ఆ తర్వాత మార్చుకోవడం చీర మార్చుకున్నంత సులువు కాదు. అనుమతులు, బిల్లులు, లైసెన్స్ పుస్తకంలో కొత్త నంబరు ఎక్కించుకోవడం అన్నీ మళ్ళీ మొదలు. మొదటిసారే సరిగ్గా ఎంచుకోవాలి.

ఏం చూసి ఎంచుకోవాలి

అన్నిటికంటే ముందు చెయ్యి. రివాల్వర్‌ను కుడిచేత్తో పట్టుకున్నప్పుడు గొట్టం మీ ముంజేతికి నేరుగా ఉండాలి. మణికట్టు తిప్పకుండా చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద ఆనాలి. హామర్ (తూటాను కొట్టే వెనకవైపు సుత్తి) వెనక్కి లాగకుండా ట్రిగ్గర్‌తోనే పేల్చేటప్పుడు, అంటే డబుల్ యాక్షన్‌లో, ట్రిగ్గర్ బాగా ముందుకు ఉంటుంది. కాబట్టి ఆ స్థితిలోనే చూసుకోవాలి. పొట్టి వేళ్ళున్నవాళ్ళకు లావు పిడి అందదు, అరచెయ్యి పెద్దదైతే చిన్న పిడి కింద చిటికెనవేలికి చోటుండదు. చిటికెనవేలు గాల్లో వేలాడుతుంటే తన్ను (పేలినప్పుడు తుపాకి వెనక్కి కొట్టే దెబ్బ) మొత్తం బొటనవేలి మీదికి వస్తుంది. మా బావకు జరిగిందదే. చిన్న పిడి మీద ఆయన వేళ్ళు రెండున్నరే పట్టాయి.

రెండోది బరువు. తూటా ఒకటే అయినప్పుడు తుపాకి ఎంత తేలికైతే అంత గట్టిగా తన్నుతుంది. 700 గ్రాముల దానితో పోలిస్తే 500 గ్రాముల దాని వెనుదన్ను శక్తి 1.4 రెట్లు. దీనికంటే కూడా ఎక్కువమంది గమనించనిది ట్రిగ్గర్ సంగతి. డబుల్ యాక్షన్ ట్రిగ్గర్ నొక్కడానికి సాధారణంగా నాలుగైదు కిలోల బలం కావాలి. అరకిలో వస్తువు మీద అయిదు కిలోల బలం పెడుతున్నాం. పేలకముందే అది చేతిలో పక్కకు తిరుగుతుంది. బరువున్నది ఆ లాగుడుకు తట్టుకుని నిలబడుతుంది. కొత్తవాళ్ళ గురి తప్పడానికి తన్ను కంటే ఇదే పెద్ద కారణమని నా అనుభవం.

మూడోది గొట్టం పొడవు, దానితోపాటు ముందు సైట్‌కూ వెనక సైట్‌కూ (గురి చూసే గుర్తులకు) మధ్య దూరం. ఆ దూరం 100 మిల్లీమీటర్లు అనుకుందాం. గురి చూస్తున్నప్పుడు ముందు సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే పది మీటర్ల దూరంలో తూటా 100 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. మధ్య దూరం 150 ఉంటే అదే పొరపాటుకు 67 దగ్గర ఆగుతుంది. పొడుగు గొట్టం తూటాకు మంత్రమేమీ వెయ్యదు, మన పొరపాటును చిన్నది చేస్తుంది. కళ్ళజోడు పెట్టుకునే వయసు వాళ్ళకు ఇది మరీ ముఖ్యం.

నాలుగోది తూటా నింపే, ఖాళీ చేసే తీరు. అయిదోది మరమ్మతు: పాడైతే ఎవరు చూస్తారు, స్ప్రింగ్ దొరుకుతుందా అన్నది. ధర ఆరోది. కొట్లో చెప్పే ధర మీద పన్ను బాగా పడుతుంది, కాబట్టి బిల్లు మొత్తం ఎంతవుతుందో అడిగి రాయించుకోండి.

ఎంపికలు ఒక్కొక్కటిగా

*తేలికవి: నిర్భీక్, నిడర్.* 2014 జనవరిలో కాన్పూర్‌లోని ప్రభుత్వ ఆయుధ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నిర్భీక్‌ను మహిళల రివాల్వర్ అని ప్రచారం చేశారు. టైటానియం మిశ్రమ లోహం, 500 గ్రాములు, .32 బోరు, ఆరు తూటాలు. వచ్చినప్పుడు ధర 1,22,360 రూపాయలు. తర్వాత ఇషాపూర్ ఫ్యాక్టరీ .22 బోరు నిడర్‌ను తెచ్చింది. అది 250 గ్రాములే, ఎనిమిది తూటాలు పడతాయి. మోయడానికి ఈ రెండింటికీ సాటి లేదు. హ్యాండ్‌బ్యాగులో ఉన్నట్టే తెలియదు. కానీ "ఆడవాళ్ళకు తేలికది" అన్న మాటతో నేను ఏకీభవించను. చేతిబలం తక్కువున్న మనిషికి ఎక్కువ తన్నేది, ట్రిగ్గర్ నొక్కితే ఎక్కువ కదిలేది చేతికివ్వడం ఎక్కడి న్యాయం? నెలనెలా సాధన చేసే మహిళ ఎవరైనా సరే, రెండు రకాలూ పట్టుకుని చూశాకే ఎంచుకోవాలి. .22కు తన్ను తక్కువే, కానీ అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నదాన్ని సూటిగా పేల్చడం చెయ్యి తిరిగినవాళ్ళ పని.

*నిండు బరువు, టాప్-బ్రేక్: కాన్పూర్ .32, దాని పొడుగు గొట్టం రూపం.* మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ మూలం బ్రిటిష్ వెబ్లీ మార్క్ 4. పైన గొళ్ళెం నొక్కితే గొట్టం ముందుకు వంగి తెరుచుకుంటుంది, ఖాళీ గుల్లలు (పేలాక మిగిలే తూటా డొల్లలు) ఆరూ ఒకేసారి పైకి లేచి రాలిపోతాయి. తెరవడం, ఖాళీ చేయడం ఇంత వేగంగా జరిగేది ఇంకోటి లేదు. లోపల తూటా ఉందో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది, అది భద్రతకు మంచిది. మార్క్ 1కు గొట్టం పొట్టి, మూడంగుళాలు. తర్వాత గొట్టం పొడవు పెంచి అన్మోల్ పేరుతో మార్క్ 3 తెచ్చారు. జేబు మాట పక్కన పెట్టి ఇంట్లో ఉంచుకునేవాళ్ళకు, రేంజ్‌లో సాధన చేసేవాళ్ళకు పొడుగు గొట్టమే నా ఓటు. టాప్-బ్రేక్‌లో చూసుకోవాల్సినవి రెండు: ముందున్న కీలు, పైనున్న గొళ్ళెం. ఏళ్ళ తరబడి టక్కుమని విసిరి మూస్తే ఆ రెండూ వదులవుతాయి.

*నిండు బరువు, సైడ్-స్వింగ్: ప్రబల్.* ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును 2021 అక్టోబరులో ఏడు కంపెనీలుగా విడగొట్టారు కదా, వాటిలో ఆయుధాల కంపెనీ అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా 2023 ఆగస్టు 18న దీన్ని విడుదల చేసింది. తూటాలు లేకుండా 700 గ్రాములు, గొట్టం 76 మిల్లీమీటర్లు, మొత్తం పొడవు 177.6. సిలిండర్ (తూటాలు నింపే తిరిగే చక్రం) పక్కకు తెరుచుకుంటుంది. ఫ్రేమ్ ఒకే ముక్క కావడంతో విరిగే కీలు ఉండదు, అందుకే ఈ తీరును గట్టిదంటారు. యాభై మీటర్ల దాకా పనిచేస్తుందని బాగా ప్రచారం జరిగింది. మీ నిర్ణయంలో ఆ అంకెకు చోటివ్వకండి. ఆత్మరక్షణ అంటే గదికి ఆ మూల నుంచి ఈ మూల, ఏడెనిమిది మీటర్లు. యాభై మీటర్ల దూరంలో ఉన్న మనిషి నుంచి తప్పుకుని పోవచ్చు. అలాంటప్పుడు పేలిస్తే ఆత్మరక్షణ అని కోర్టును ఒప్పించడం కష్టం.

*వెబ్లీ అండ్ స్కాట్.* బర్మింగ్‌హామ్ పేరు, తయారీ మాత్రం ఉత్తరప్రదేశ్ హర్దోయ్ జిల్లా సండీలాలో. 2020 చివర్లో .32 రివాల్వర్‌తో మొదలుపెట్టారు, అప్పట్లో ధర 1.6 లక్షల దగ్గర చెప్పారు. ఇదీ టాప్-బ్రేకే. పాత పేరంటే ఇష్టమున్నవాళ్ళు ఎక్కువ ఇస్తారు. పేరు పక్కన పెట్టి కాన్పూర్ దాన్నీ దీన్నీ పక్కపక్కనే పెట్టి ట్రిగ్గర్ నొక్కి చూడండి, ఏది సాఫీగా ఉంటే అది.

*సెకండ్ హ్యాండ్ విదేశీది.* దిగుమతులు ఆగకముందు వచ్చిన పాత .32 స్మిత్ అండ్ వెసన్‌లు, కోల్ట్‌లు ఇప్పటికీ చేతులు మారుతుంటాయి. కొన్నింటి ట్రిగ్గర్ వెన్నలా ఉంటుంది, అది నిజం. ధర మాత్రం కొత్త దేశీయ రివాల్వర్ కంటే చాలా ఎక్కువ. విడిభాగం విరిగితే దొరకదు. ఆ ఆయుధం వెనకటి లైసెన్స్‌దారు పుస్తకంలో నంబరు, ఇప్పటి నంబరు ఒకటేనా అన్నది మీరే అక్షరం అక్షరం చూసుకోవాలి. మొదటిది కొంటున్నవాళ్ళకు నేను వద్దనే చెబుతాను.

| చూసేది | తేలికవి | నిండు బరువు, టాప్-బ్రేక్ | నిండు బరువు, సైడ్-స్వింగ్ | పాత విదేశీవి |
|---|---|---|---|---|
| రోజూ మోయడం | చాలా సులువు | బెల్టుకే కుదురుతుంది | బెల్టుకే కుదురుతుంది | మోడల్‌ను బట్టి |
| తన్ను | ఎక్కువ (.22 మినహా) | ఓర్చుకోగలిగినంత | ఓర్చుకోగలిగినంత | తక్కువ నుంచి మధ్యరకం |
| కొత్తవాళ్ళకు గురి | కష్టం | పొడుగు గొట్టమైతే బాగా కుదురుతుంది | కుదురుతుంది | బాగా కుదురుతుంది |
| తూటాలు నింపడం, తీయడం | అలవాటు కావాలి | అన్నిటికంటే వేగం | కాస్త నేర్చుకోవాలి | ఎక్కువగా సైడ్-స్వింగే |
| ఏళ్ళు గడిచాక | పర్వాలేదు | కీలు, గొళ్ళెం చూసుకోవాలి | గట్టిది | విడిభాగాల బాధ |

తూటా గురించి ఒక హెచ్చరిక. .32 అని రాసి ఉన్నంత మాత్రాన అన్ని .32లూ ఒకటి కావు. ఈ రివాల్వర్లకు కావాల్సింది .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్, 1896లో పుట్టిన తూటా. అశని లాంటి పిస్టల్‌లో వాడేది .32 ఏ.సి.పి. రెండోది కొన్ని రివాల్వర్ల సిలిండర్లలో దిగిపోతుంది, దిగింది కదా అని పేల్చకూడదు. కొట్లో డబ్బా తీసుకునేటప్పుడు తూటా అడుగున ఉన్న అక్షరాలు చదివి తీసుకోండి.

ఎవరికి ఏది

మా బావలాంటి వ్యాపారులు, రోజూ ఒంటి మీద ఉంచుకునేవాళ్ళు: 700 గ్రాములు జేబులో వేస్తే ప్యాంటు జారుతుంది, చొక్కా మీద ఆకారం కనపడుతుంది. జేబు ఆలోచన మానేసి నడుముకు మంచి గట్టి బెల్టు, ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే హోల్‌స్టర్ (తుపాకి ఒర) తీసుకుంటే ఆ బరువు వారంలో అలవాటవుతుంది. సంచీలో మాత్రం వద్దు. సంచీని లాక్కుపోయేవాడు రివాల్వర్‌ను కూడా పట్టుకుపోతాడు.

ఊరి బయట ఒంటరి ఇల్లు, దేవనహళ్ళి వైపు తోటలో ఉండే పెద్దవాళ్ళు: మోసే పనే లేదు కాబట్టి పెద్ద ఫ్రేమ్, పొడుగు గొట్టం. ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు. కీళ్ళనొప్పులున్నవాళ్ళు డబుల్ యాక్షన్ ట్రిగ్గర్‌ను పదిసార్లు నొక్కి చూడాలి. పదోసారికి వేలు వణికితే ఆ రివాల్వర్ మీది కాదు.

మహిళలు: పైన చెప్పాను. పిడి కొలత ముందు, బరువు తర్వాత.

పోటీల్లో పాల్గొనాలనుకునే యువకులు: 25 మీటర్ల సెంటర్ ఫైర్ పోటీలో .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్ బాగా వాడుకలో ఉన్న తూటాయే. అయితే అక్కడ గెలిచేది ఆత్మరక్షణ రివాల్వర్‌తో కాదు, పోటీల కోసమే చేసిన పిస్టల్‌తో. ముందు ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టండి, రివాల్వర్ డబ్బు మిగులుతుంది.

ఇంకొకరి గురించీ చెప్పాలి. ఇంట్లో ఎవరైనా తీవ్రమైన దిగులులో ఉంటే, తాగుడు అలవాటుంటే, పిల్లలకు అందకుండా తాళం వేసే చోటు లేకపోతే, ఏ ఫ్రేమూ వద్దు. ఇప్పటికే ఉంటే లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర జమ చేసి రసీదు తీసుకోండి. లైసెన్స్ ఎక్కడికీ పోదు. మనిషి మాత్రం మళ్ళీ రాడు.

కొట్లో చూసుకోవాల్సినవి

కొట్లో పేల్చి చూపించరు. కానీ చేత్తో, కంటితో తెలిసేవి చాలా ఉన్నాయి. ముందు సిలిండర్ తెరిచి ఖాళీగా ఉందని మీరూ కొట్టు మనిషీ ఇద్దరూ చూడండి. తర్వాత హామర్‌ను బొటనవేలితో మెల్లగా, చాలా మెల్లగా వెనక్కి లాగండి. హామర్ చివర ఆగకముందే సిలిండర్ తిరగడం పూర్తయి "టిక్"మని బిగుసుకోవాలి. సిలిండర్‌లో తూటా పట్టే ఒక్క గదికి చూసి వదిలేయకండి, ఆరింటికీ చూడండి. హామర్ ఆగాక కూడా సిలిండర్ మీ వేలికి కొద్దిగా ముందుకు తిరిగితే ఆ గదిలోని తూటా గొట్టానికి నేరుగా లేనట్టే.

టాప్-బ్రేక్ అయితే మూసి, ఒక చేత్తో గొట్టం, ఇంకో చేత్తో పిడి పట్టి పక్కలకు ఊపండి. కొత్తదానిలో కటకట శబ్దం రాకూడదు. సైడ్-స్వింగ్ అయితే సిలిండర్ బయటికి తీసి వేలితో తిప్పి, మధ్యలో ఉన్న కడ్డీ కొస వణుకుతుందేమో చూడండి. వణికితే కడ్డీ వంగినట్టు. సినిమాల్లోలా మణికట్టు విదిలించి సిలిండర్‌ను ఠప్పున మూసే అలవాటు వల్ల సరిగ్గా ఇక్కడే దెబ్బతింటుంది.

గొట్టం వెనక తెల్ల కాగితం పెట్టి, లైటు పడేలా ముందు నుంచి లోపలికి చూడండి. గాట్లు శుభ్రంగా మెలి తిరిగి కనిపించాలి. ఆఖరున ఆయుధం మీది నంబరు, డబ్బా మీది నంబరు, బిల్లు మీది నంబరు మూడూ బయటికి చదివి కలపండి. ఇన్‌ఫాంట్రీ రోడ్డు కమిషనర్ ఆఫీసులో లైసెన్స్ పని ఒక్క అంకె తేడాకు ఆగిపోగలదు.

కొన్నాక మొదటి పరీక్ష

ఇంట్లో మొదటి వారం అసలు తూటాలు లేకుండానే. 2016 ఆయుధ నియమాలు శిక్షణ తప్పనిసరి చేశాయి, అక్కడ నేర్చుకున్నది మరిచిపోకముందే ఇది మొదలుపెట్టండి. తూటాలు వేరే గదిలో తాళంలో పెట్టి, సిలిండర్‌లో ఉత్తుత్తి తూటాలు వేసి, గట్టి గోడ వైపు గురిపెట్టండి. గొట్టం మీద ముందు సైట్ పక్కన ఒక రూపాయి బిళ్ళ నిలబెట్టకుండా పడుకోబెట్టి, ట్రిగ్గర్ మెల్లగా నొక్కండి. హామర్ పడ్డాక కూడా బిళ్ళ అక్కడే ఉండాలి. నా తేలిక రివాల్వర్ మీద అది మూడు వారాలు నిలబడలేదు. పెద్దదాని మీద మొదటి సాయంత్రమే పదిసార్లలో ఆరుసార్లు నిలిచింది. రూపాయి బిళ్ళ అంత నిక్కచ్చిగా చెప్పే గురువు ఇంకొకరు లేరు.

రేంజ్‌లో ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండగా ముప్పై తూటాలు చాలు. తూటాలకు ఖర్చుంది, లైసెన్స్‌లో లెక్కుంది, కాబట్టి ప్రతిదానికీ పని చెప్పాలి. ముందుగా సిలిండర్ గదులకు మార్కర్‌తో ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు వేసుకోండి.

మొదటి ఆరు: అయిదు మీటర్లు, హామర్ లాగి ఒక్కొక్కటీ. ఇది చెయ్యి అలవాటు పడటానికి. రెండో ఆరు: పది మీటర్లు, ఇసుక సంచీ మీద చెయ్యి ఆనించి. రివాల్వర్ సైట్లు ఎటు చూపిస్తే తూటా అటే పోతోందా అన్నది ఇక్కడ తెలుస్తుంది. ఆరూ ఒకచోట గుంపుగా పడి, ఆ గుంపు ఎడమకు ఉంటే సైట్ల సంగతి. ఆరూ చెదిరితే మన సంగతి. మూడో ఆరు: ఆనించకుండా, రెండు చేతులతో. మిగతా పన్నెండు ఏడు మీటర్లలో డబుల్ యాక్షన్‌లో, రెండేసి చొప్పున.

చేతుల విషయంలో ఒక్కటి మరిచిపోవద్దు. పిస్టల్ పట్టినట్టు ఎడమ బొటనవేలు ముందుకు చాపకండి. సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సన్నటి సందు నుంచి ప్రతి తూటాకూ వేడి వాయువు కత్తిలా పక్కకు చిమ్ముతుంది. వేళ్ళన్నీ ఆ సందుకు వెనకే ఉండాలి. పేల్చే ముందు సిలిండర్‌కు రెండు పక్కలా అట్టముక్కలు నిలబెడితే ఆ చిమ్మడం నల్లగా పడి కనిపిస్తుంది. మసి రెండు పక్కలా సమానంగా ఉంటే మంచిది. ఒక పక్క సీసం ముక్కలు గుచ్చుకుని ఉంటే ఏదో ఒక గది గొట్టానికి సూటిగా లేదు, డీలర్ దగ్గరికి తీసుకుపోండి.

నొక్కినా పేలకపోతే గొట్టం లక్ష్యం వైపే ఉంచి ముప్పై సెకన్లు ఆగండి, తర్వాతే తెరవండి. శబ్దం మామూలు కంటే నీరసంగా "ఫుస్"మని వస్తే ఇంకోటి పేల్చకండి. తూటా గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు, దాని వెనక రెండోది పోతే గొట్టం చీలిపోతుంది.

అయ్యాక ఖాళీ గుల్లలు పారేయకండి. ఏ గదివో ఆ వరుసలో పెట్టి అడుగున పిన్ను పడిన గుంట చూడండి. గుంట నడిమధ్యలో, ఒకే లోతులో ఉండాలి.

మన ఊళ్ళో పెట్టుకునే చోటు, తీసుకెళ్ళే హద్దు

తోలు కవరులో పెట్టి అల్మరాలో దాచకండి. తోలు తేమ పట్టుకుంటుంది. 2024 ఎన్నికలప్పుడు నా రివాల్వర్ తోలు కవరుతో సహా ఒకచోట జమ చేశాను. తిరిగి తీసుకునేసరికి సిలిండర్ అంచు మీద ఎర్రటి తుప్పు చుక్కలు, పసుపు కుంకాల పళ్ళెం ఒలికినట్టు. ఇప్పుడు జమ చేసే ముందు నూనె రాసి, గుడ్డ కవరులో పెట్టి, ఫొటో తీసి, రసీదు మీద పరిస్థితి రాయించుకుంటున్నాను. చెన్నైలో ఉండే మా పెదనాన్న కొడుకు సముద్రపు గాలికి పదిహేను రోజులకోసారి తుడుస్తాడు. బెంగళూరులో వానాకాలం తప్ప నెలకోసారి చాలు.

ఇక్కడ ఉండే తెలుగువాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. శనివారం కారెక్కి హిందూపురమో, మదనపల్లో, చిత్తూరో పోతాం. మన లైసెన్స్ కర్ణాటక వరకే అయితే చెక్‌పోస్టు దాటగానే ఆ రివాల్వర్ చట్టవిరుద్ధం. లైసెన్స్‌లో చెల్లుబాటు ప్రాంతం అన్న గడి చదవండి. ఊళ్ళో పెళ్ళిలో సరదాకు గాల్లోకి పేల్చడానికి రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. ఆ తూటా ఎవరి ఇంటి మీదో, ఎవరి నెత్తి మీదో దిగుతుంది కూడా.

బావ ఏం తీసుకున్నారు

ఆ ఆదివారం ఆయన చేతికి నా రివాల్వర్ ఇవ్వలేదు. నా లైసెన్స్ మీద ఉన్నది ఆయన చేతిలో ఉండకూడదు. దానికి బదులు అరకిలో కందిపప్పు పొట్లం ఒక చేతిలో, ముప్పావు కిలో బెల్లం ముద్ద ఇంకో చేతిలో పెట్టి, చెయ్యి చాపి నిమిషం నిలబడమన్నాను. "బరువుదే కదలకుండా ఉందప్పా" అని ఆయనే అన్నారు. తర్వాత కొట్లో మూడు రకాలు ఖాళీగా పట్టుకుని, నిండు బరువున్న దానికే డబ్బు కట్టారు. పిడి మీద నాలుగు వేళ్ళూ పట్టాయి.

రేంజ్‌లో పది మీటర్ల నుంచి, చెయ్యి ఆనించి కొట్టిన ఆరూ కాఫీ సాసరంత చోటులో పడ్డాయి. ఖాళీ గుల్లలు వరుసగా పెట్టి చూస్తే నాలుగో గదివి అన్నీ గుంట పక్కకు పడి ఉన్నాయి. పేలాయి కాబట్టి చూడకపోతే తెలిసేది కాదు. గుల్లలన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో వేసి, అట్టముక్కలతో సహా మంగళవారం డీలర్‌కు చూపించాం. సిలిండర్ ఆపే చిన్న ముక్క మార్చి, ఎనిమిది రోజులకు ఇచ్చారు. అప్పటి నుంచి బావ నెలకో ఆదివారం వస్తున్నారు, ప్రతిసారీ నాలుగో గది గుల్లనే ముందు వెలుతురుకు ఎత్తి చూస్తారు.